కన్ను, కడుపు, మొప్ప

సంక్రాంతికి వచ్చిన మేనల్లుడు న్యూజెర్సీ నుంచి ఒక ప్లాస్టిక్ డబ్బా తెచ్చాడు. చాక్లెట్లుంటాయని పిల్లలు చుట్టూ మూగారు. మూత తీస్తే అన్నీ గాలాలు. ఒక్కో గడిలో ఒక్కో దొంగ చేప. కొన్ని చెక్కవి, కొన్ని తగరంతో పోతపోసినవి, కొన్ని జింక తోక వెంట్రుకలతో కట్టినవి. పిల్లలు మూతి ముడుచుకుని సకినాల గిన్నె దగ్గరికి వెళ్లిపోయారు. నేను మాత్రం ఆ డబ్బా ముందే కూర్చుండిపోయాను.

మాది ములుగు. ఇటు రామప్ప, అటు లక్నవరం, అడవి దాటి ఏటూరునాగారం పోతే గోదావరి. చేపలు పట్టేవాళ్లనీ, బేరమాడేవాళ్లనీ, వండేవాళ్లనీ చూస్తూ పెరిగినవాణ్ని. ఎర అంటే నాకు తెలిసింది వానపాము, పిండిముద్ద, కప్ప, బతికున్న చిన్న చేప. అంటే చేప తినగలిగిందేదో అదే ఎర. నోట్లో పెట్టుకున్నా ఏ రుచీ లేని వస్తువుని ఎరగా నిలబెట్టడానికి మనుషులు ఇంత పనితనం ధారపోస్తారని ఆ డబ్బా చూశాకే తెలిసింది.

అన్నింట్లోకీ చిన్నదాన్ని తీసి అరచేతిలో పెట్టుకున్నాను. మూడంగుళాలు కూడా లేదు. ముందు సగం గాజులా గట్టిగా ఉంది, వెనక సగం వెంట్రుకల్లా మెత్తగా ఆడుతోంది. లోపల సన్నని వెండి తీగ. తలకి రెండు వైపులా, ఒంటికి మించిన పెద్ద కళ్లు. కళ్ల వెనక ఎర్రటి గీత, గోటితో గిల్లినంత.

"అది సర్ఫ్ క్యాండీ, మామా. బాస్ చిన్న చేపల మీద పడ్డప్పుడు అదొక్కటే నన్ను ఆదుకుంటది" అన్నాడు వాడు.

వాడు చెప్పే బాస్ అమెరికా తూర్పు తీరపు చారల బాస్. వెండి ఒంటి మీద మొప్ప నుంచి తోక దాకా ఏడెనిమిది నల్లటి చారలు, బద్ద పెట్టి గీసినట్టుంటాయి. ఉండేది సముద్రంలో, గుడ్లు పెట్టేది నదుల్లో. మన పులసలాగే ఎదురీది పుట్టింటికి వస్తుంది. చీసపీక్ అఖాతంలో కలిసే నదులు, హడ్సన్ నది దానికి ముఖ్యమైన పుట్టిళ్లు. 2011లో కనెక్టికట్ తీరంలో గాలానికి పడ్డ ఒక చేప 37 కిలోలు తూగి ప్రపంచ రికార్డుకెక్కింది. మావాడుండే ఎడిసన్ తెలుగువాళ్లు చిక్కగా ఉన్న ఊరు. దాని పక్కనుంచే రారిటన్ నది పోయి అదే పేరున్న అఖాతంలో కలుస్తుంది. శరదృతువులో ఉత్తరం నుంచి దక్షిణానికి దిగే బాస్ గుంపులు ఆ అఖాతం దగ్గరా, శాండీ హుక్ ఇసుకతిన్నె దగ్గరా ఆగి మేస్తాయి.

మేతేమిటంటే రెండు మూడంగుళాల పిల్ల చేపలు. ఏనుగు కూర్చుని నువ్వులు ఏరుకుని తిన్నట్టు.

చిక్కు కూడా అక్కడే. మావాడు గాలం పట్టిన మొదటి అక్టోబరులో ఒకరోజు తెల్లవారుజామున మోకాలి లోతు నీళ్లలో నిలబడ్డాడట. చుట్టూ నీళ్లు కుతకుతలాడుతున్నాయి. పైన పక్షులు మునిగి లేస్తున్నాయి. పెద్ద బాస్‌లు కాలి పక్కనుంచే దూసుకుపోతున్నాయి. వీడు ఏడంగుళాల చెక్క చేపను విసిరాడు, విసిరాడు, ఎండెక్కేదాకా విసిరాడు. ఒక్కటీ ముట్టలేదు. ఇరవై అడుగుల అవతల ఒక ముసలాయన అగ్గిపుల్లంత వస్తువుతో మూడు పట్టి మూడూ వదిలేశాడు. అక్కడ 28 నుంచి 31 అంగుళాల మధ్య ఉన్న చేపనే, అదీ రోజుకి ఒక్కదాన్నే ఉంచుకోవాలి. ఆయనకి పడినవి అంతకన్నా పెద్దవి.

ఇందులో వింతేమీ లేదు. బంతిలో కూర్చుని పులిహోర తింటున్నవాడికి పక్కనుంచి ఎవరో పనసపండు చూపిస్తే తలెత్తుతాడా? చేప కూడా అంతే. ఒకే రకం మేత వేలల్లో దొరికినప్పుడు దాని కంటికి ఆ సైజు, ఆ ఆకారం తప్ప మరేదీ ఆనదు. ఆకలి తక్కువై కాదు, చూపు ఒకదాని మీద కుదిరిపోయి.

మర్నాడు ఆ డబ్బా పట్టుకుని ఇద్దరం పాలంపేట వెళ్లాం. రామప్ప చెరువు కట్ట మీద ఒక పెద్దాయన వల అల్లుకుంటూ కూర్చున్నాడు. చేతికి సర్ఫ్ క్యాండీ ఇచ్చాం. ఆయన మాలాగా అరచేతిలో పెట్టుకుని పైనుంచి చూడలేదు. తోక పట్టుకుని తల మీదికి ఎత్తాడు. ఆకాశం అడ్డం పెట్టి, కింద నుంచి చూశాడు. చాలాసేపు చూశాడు.

"కన్ను గంత పెద్దగెందుకు వెట్టిండు అనుకున్న. కరెక్టే. మన చెర్ల గాజు లెక్కుంటయి జూడు చిన్న చేపలు, నీళ్లల్ల దాని ఒళ్లు కనవడదు. కన్ను కనవడ్తది, కడుపు కనవడ్తది. గంతే."

ఆ ఒక్క మాటతో ఆ వస్తువు నాకు అర్థమైంది.

చిన్న చేప బతుకంతా కనబడకుండా ఉండటం మీదే నడుస్తుంది. వీపు ముదురుగా, కడుపు తెల్లగా ఉండేది అందుకే. పైనుంచి చూసేవాడికి నీటి లోతులో కలిసిపోవాలి, కింద నుంచి చూసేవాడికి ఆకాశపు వెలుగులో కలిసిపోవాలి. పక్కల వెండి పొలుసులైతే అద్దాలే. చుట్టూ ఉన్న వెలుగునే తిప్పి పంపి, అక్కడ నీళ్లు తప్ప ఏమీ లేవని నమ్మిస్తాయి. కొన్ని ఇంకో అడుగు ముందుకేసి ఒంటినే గాజు చేసుకున్నాయి. న్యూజెర్సీ తీరంలో బాస్ మేసే ఆంచోవీ, సిల్వర్‌సైడ్ అలాంటివే. వెలుగుకి అడ్డం పెడితే వెన్నెముక లెక్కపెట్టవచ్చు.

అయితే ఇవేవీ పూర్తిగా గాజు కాలేదు. కన్ను చూడాలంటే దాని వెనక తెర వెలుగుని పట్టుకోవాలి, కాబట్టి అది నల్లగానే ఉండాలి. కడుపులో పడ్డ మేత గాజు కాదు, అందుకే ఆ సంచీ చుట్టూ వెండి పొర కప్పుకుంటుంది. మొప్పల్లో నెత్తురు ఎర్రగానే ఉంటుంది. కన్ను, కడుపు, మొప్ప. దాచుకోలేనివి ఆ మూడే.

దొంగ ఎర చేసేవాడికి ఇంతకన్నా విపరీతమైన పని ఉండదు. కనబడకుండా ఉండటానికే పుట్టినదానికి నకలు చేయాలి, ఆ నకలు కనబడాలి. పొలుసు పొలుసూ చెక్కి రంగులద్దితే అది మన కంటికి చేపే, బాస్ కంటికి మాత్రం చుట్టూ ఉన్న వేల చేపల్లో ఏదీ కాదు. సర్ఫ్ క్యాండీ చేసినాయన దాగలేని ఆ మూడింటిని పెట్టి, మిగతా ఒళ్లంతా నీళ్లకి వదిలేశాడు.

ఆయన పేరు బాబ్ పోపోవిక్స్. న్యూజెర్సీ తీరంవాడే. చిత్రమేమిటంటే ఆయన ఈ గాజు ఒంటి కోసం బయలుదేరలేదు. ఆ తీరంలో బ్లూఫిష్ అని ఇంకో చేప ఉంది, పళ్లు కత్తెరలు. వెంట్రుకలతో కట్టిన ఎర ఏదైనా రెండు కాట్లకి పీచుపీచైపోయేది. ఆ పళ్లకి ఆగేలా ఏదైనా పూత పూద్దామని ఎపాక్సీ అందుకున్నాడు. రెండు గొట్టాల్లోంచి పిండి కలిపితే నిమిషాల్లో రాయయ్యే జిగురు, మనం విరిగిన కుర్చీ కాలు అతికించేది. పళ్లకి కవచంగా పూసింది ఆరాక చూస్తే గాజు చేప. మంచి పనివాడు ఒక సమస్య వెంట పోతూ దారిలో ఇంకోదాన్ని గుర్తుపడతాడు. గుర్తుపట్టి అక్కడ ఆగడమే కష్టం.

పని తీరు చూడండి. పొట్టి కాడ ఉన్న తుప్పు పట్టని గాలం. దాని మెడ దగ్గర కృత్రిమ పోగులు కడతారు, కింద తెలుపు, పైన లేత ఆకుపచ్చో గోధుమరంగో. నడుమ ఒకటో రెండో వెండి పోగులు, అదే కడుపు. పోగులు ఎన్ని అన్నదాంట్లోనే చెయ్యి తెలుస్తుంది. కొత్తవాడు ఎప్పుడూ ఎక్కువ కడతాడు, జిగురు పూసేసరికి అది చేప కాదు, వంకాయ. తర్వాత ఎపాక్సీ. ఇది అరిసెల పాకం లాంటిది. ముందు పడితే జారిపోతుంది, ఆలస్యమైతే ముద్దకడుతుంది. పూశాక కూడా వదిలేయడానికి లేదు. బరువంతా కిందికి దిగి ఒక పక్క బొజ్జ వస్తుంది. అందుకని గట్టిపడేదాకా గాలాన్ని వేళ్ల మధ్య తిప్పుతూనే ఉండాలి. గాలం వంపు దాకా పూత, ఆ తర్వాత పోగులు స్వేచ్ఛగా. గట్టి ఒళ్లు, ఆడే తోక. ఆరిన పొర మీద కళ్లు అతికించి, ఎర్ర కలంతో మొప్ప గీసి, పైన మరో పలుచటి పూత. కన్ను ఆ రెండు పొరల మధ్య చిక్కి నిజంగానే చూస్తున్నట్టుంటుంది. ఇప్పుడు అతినీలలోహిత దీపం కింద క్షణాల్లో గట్టిపడే జిగుర్లు వచ్చాయి, తిప్పే పని తగ్గింది. సౌకర్యమే. కానీ వేళ్లతో తిప్పి ఆరబెట్టినదాని పొట్ట గీతలో ఒక నునుపుంది, మావాడి డబ్బాలో రెండూ ఉన్నాయి కాబట్టి పోల్చే చెబుతున్నాను.

మేం రామప్ప గుడి చూస్తూ పెరిగాం. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడిలో నల్లరాతి శిల్పాల సందుల్లోంచి సూది దూరుతుందని బడి పిల్లలకి కూడా చూపిస్తారు. మదనిక మెడలో హారం, ఆ హారం నీడ, నీడ కింద చర్మం. ఏదీ వదలని పనితనం అది. అందుకేనేమో, వదిలేయడంలో ఉన్న పనితనం నా కళ్లకి ఆలస్యంగా ఆనింది.

డబ్బాలో దాని పక్క గడిలో ఉన్నది ఇంకా తక్కువతో చేసింది. గాలం, నాలుగు జింక తోక వెంట్రుకలు, డంబెల్ ఆకారంలో సీసపు కళ్లు. పెన్సిల్వేనియాలో సస్క్వెహానా నది మీద పడవ నడిపిన బాబ్ క్లౌజర్ 1980ల్లో కట్టిన నమూనా. ఆ బరువు కళ్లని గాలం కాడకి ఏ వైపు కట్టాడన్నదే దీని తెలివి. వాటి బరువుకి గాలం తలకిందులై, మొన పైకి తిరిగి పోతుంది, కాబట్టి అడుగున రాళ్లకీ నాచుకీ పట్టుకోదు. లాగితే లేస్తుంది, ఆపితే తల ముందుకు వాలి మునుగుతుంది. దెబ్బ తిన్న పిల్ల చేప పోయేది అచ్చం అలాగే. దీనికి క్లౌజర్ పేరు పెట్టి నలుగురికీ చెప్పింది తనూ ఎరలు కట్టే లెఫ్టీ క్రే. ఈకలతో ఆయన కట్టిన 'డిసీవర్' 1991లో అమెరికా తపాలా బిళ్ల మీదికి ఎక్కింది. పనివాడి పేరు పనికి అతుక్కోవడం మాకు కొత్త కాదు. శాసనంలో రుద్రుడి పేరున్నా, గుడిని జనం పిలిచేది శిల్పిదని చెప్పుకునే పేరుతోనే.

ఇన్నింట్లో ఏది తీయాలన్నది ఎలా తేల్చుకుంటావని మావాణ్ని అడిగాను. మొదట చూడాల్సింది పొడవు కాదట, మందం. ఇసుకలో దూరే సాండ్ ఈల్ దబ్బనంలా ఉంటుంది. ఆంచోవీ కొంచెం పుష్టిగా, మూతి మొద్దుగా ఉంటుంది. మెన్‌హేడెన్ పిల్లయితే పక్క నుంచి రావి ఆకంత, ఎదురుగా కాగితమంత. ఒక్క పిల్ల చేప ఒడ్డుకి కొట్టుకొచ్చినా దాన్ని తీసి డబ్బాలో వాటి పక్కన పెట్టి చూస్తాడట. మందం కుదిరితే పొడవు, పొడవు కుదిరితే లోతు, ఆ తర్వాత వేగం. రంగు అన్నింటికన్నా ఆఖరు. "దుకాణంల మాత్రం రంగే ముందు, మామా. ఆ రంగులు చేపల కోసం కాదు, మా కోసం."

ఇంకో సంగతి. వేల చేపల్లో మన ఎర అచ్చంగా వాటిలాగే ఉంటే దాన్నే ఎందుకు మింగాలి? గుంపు ఉన్నదే వేటాడేదాని కళ్లు చెదరగొట్టడానికి. ఏదో ఒకటి తేడాగా కదిలితే, వెనకబడితే, గుంపు నుంచి జారితే, చూపు దాని మీద నిలుస్తుంది. అందుకని ఎరని గుంపు మధ్యలోకి విసరరు. అంచుకి విసిరి, కిందికి దిగనిచ్చి, నిదానంగా తెస్తారు. ఆకారంలో అదే, నడకలో కాస్త తప్పు. బాస్‌కి కోసే పళ్లు లేవు. నోరు తెరిచి నీళ్లతో సహా లోపలికి పీల్చుకుంటుంది. తేలికైన చిన్న ఎర ఆ పీల్పుకి సులువుగా లోపలికి పోతుంది.

కానీ మూడు గ్రాముల వస్తువుని సముద్రపు గాలికి ఎదురు విసరడం ఎలా? ఈకని విసిరినట్టే. దీనికి వాళ్లు కనిపెట్టిన ఉపాయం నాకు భలే నచ్చింది. దారం చివర బరువైన చెక్క చేపనో తగరపు ముక్కనో కడతారు. దానికి మూరెడు ముందు, చిన్న కొమ్మలా ఇంకో దారం తీసి సర్ఫ్ క్యాండీని వేలాడదీస్తారు. పెద్దది విసురుకి బరువిస్తుంది. నీళ్లలోకి దిగాక మాత్రం కథ మారుతుంది. చిన్న చేప పారిపోతోంది, పెద్ద చేప తరుముతోంది. చూస్తున్న బాస్‌కి అసూయ పుడుతుందో ఏమో, ముందున్నదాన్ని తన్నుకుపోతుంది.

చెక్క చేపల్లో ఒకటి ఫిన్లాండ్‌ది. లౌరి రపాలా అనే చేపలవాడు 1936లో మొదటిది చేశాడు. చెప్పులు కుట్టేవాడి కత్తితో బెండు చెక్కి, చాక్లెట్ చుట్టిన రేకు అంటించి, ఫొటో నెగెటివ్‌లు కరిగించి పైపూత పూశాడు. చేతికందిన చెత్తతో చేశాడని దాన్ని తేలిగ్గా చూడలేం. సరస్సులో పెద్ద చేప ఏ చిన్న చేప మీద పడుతుందో గంటలకొద్దీ చూసి, కాస్త కుంటుతూ పోయేదాని మీదే పడుతుందని పట్టుకున్నవాడు ఆయన. ఆ కుంటుడు వచ్చేదాకా చెక్కుతూనే ఉన్నాడు. కింద మూతి దగ్గర ఉన్న చిన్న నాలుకలాంటి రేకు వల్ల లాగినప్పుడల్లా అది ఒళ్లు ఊపుతుంది. తర్వాత వాడిన బాల్సా కర్ర చేతిలో పట్టుకుంటే నాకు నిర్మల్ బొమ్మల పొణికి కర్ర గుర్తొచ్చింది. అదే తేలిక. కొండపల్లిలోనూ ఆ కర్రతోనే ఏనుగులూ అంబారీలూ చేస్తారు. ఈదే చేపని మాత్రం ఎవరూ చేసినట్టు నేను చూడలేదు.

చేయలేదంటే చేతకాక కాదు, మన వేటకి ఆ అవసరం వేరు. కట్ట మీది పెద్దాయన దృష్టిలో గాలం వేయదగ్గ చేప ఒక్కటే, కొర్రమట్ట. తెలంగాణ రాష్ట్ర చేప. దాని శాస్త్రీయనామం చన్నా స్ట్రయేటా, స్ట్రయేటా అంటే చారలున్నది. బాసూ చారలదే, ఇదీ చారలదే, గుణం మాత్రం ఉత్తర దక్షిణాలు. కొర్రమట్ట గుంపుగా తిరగదు. తుంగలో, తామరాకుల కింద ఒంటరిగా పొంచి ఉంటుంది. మధ్య మధ్య పైకి వచ్చి గాలి మింగి పోతుంది. ఆ బుడగ చూసినవాడు దాని చిరునామా చూసినట్టే. దాని ముందుకి కప్పని గాలానికి గుచ్చి దించుతారు. టప్ టప్ మని నీళ్ల మీద తట్టాలి, చప్పుడు కావాలి, కనబడాలి. బాస్ దగ్గర ఎంత దాగితే అంత మంచిది, దీని దగ్గర ఎంత రచ్చ చేస్తే అంత మంచిది. ఇప్పుడు హైదరాబాద్ దుకాణాల్లో రబ్బరు కప్పలు దొరుకుతున్నాయి, గాలం మొన కప్ప వీపులోకి ఒదిగి ఉంటుంది, తుంగకి పట్టుకోదు. మంచి పనే. పెద్దాయన మాత్రం ఒప్పుకోలేదు. "రబ్బరుది కాళ్లాడియ్యదు" అన్నాడు. మావాడి డబ్బాలోనూ ఒక రబ్బరు కప్ప ఉంది, దాన్ని ఆడించి చూపించాను. "ఆడుతున్నయి గని, భయపడ్తలేవు" అన్నాడు.

వానల్లో కొర్రమట్ట పిల్లలతో తిరిగే కాలంలో గాలం వేయడం తప్పని కూడా ఆయనే చెప్పాడు. నీళ్ల మీద ఎర్రటి పిల్లల ముద్ద కదులుతుంటే కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. అప్పుడు ఏది దగ్గరికొచ్చినా మీద పడతాయి, ఆకలితో కాదు. అలా పట్టినదాంట్లో నైపుణ్యమేముంది?

పొద్దు వాలుతోంది. చెరువులో చేప మీద హక్కు మత్స్యకారుల సంఘానిది కాబట్టి మేం గాలం వేయడానికి రాలేదు. కానీ సర్ఫ్ క్యాండీ నీళ్లలో ఎలా ఉంటుందో చూడాలని పెద్దాయనకే ముందు తొందర పుట్టింది. మావాడు పటకారుతో గాలం మొన కత్తిరించేశాడు. దారం కట్టి తూము దిగువన కాలువలోకి వదిలాం. పారే నీళ్లు దాన్ని పట్టుకుని నిలబెట్టాయి. ఒళ్లు మాయమైంది. ఒక నల్లటి చుక్క, ఒక వెండి గీత, మధ్యలో ఎరుపు, అంతే మిగిలింది. తోక ఉందో లేదో అన్నంత ఆడుతోంది.

"లాగకు, గట్లనే ఉండని" అన్నాడు పెద్దాయన.

కాసేపటికి గట్టు నీడలోంచి వేలెడు పరక చేపలు రెండు వచ్చాయి. దాని చుట్టూ ఒకసారి తిరిగి, తలలు ఎదురు నీటికి పెట్టి, దాని పక్కనే నిలబడ్డాయి.